జీతం తగ్గించుకుంటే విమానాలొస్తాయా?

గత నెల ఓ శనివారం రాత్రి మా కాలేజీ జూనియర్ ఒకడు ఫోన్ చేశాడు. "అన్నా, క్యాంపస్‌లో నాలుగున్నర లక్షల ప్యాకేజీకి సెలెక్ట్ చేశారు. ఎనిమిది నెలలు వెయిట్ చేయించి, ఇప్పుడు మూడు లక్షల ఇరవై వేలకి రివైజ్డ్ లెటర్ పంపారు. దానికి తోడు రెండేళ్ల బాండ్. సోమవారం లోపు సైన్ చేస్తే కొత్త ఏఐ ప్రాజెక్ట్‌లో ముందు మాకే ఛాన్సట. ఏం చెయ్యమంటావ్?"

వెంటనే అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. అమెరికాలో చిన్న విమానాలు నడిపే పైలట్ల గురించి చెప్పడం మొదలుపెట్టాను. "నేను జావా నేర్చుకున్నోణ్ని అన్నా, పైలట్ల గొడవ నాకెందుకు?" అన్నాడు. ఎందుకంటే వాడి చేతిలో ఉన్న లెటర్ లాంటిదే వాళ్ల చేతికీ వచ్చింది. ఒక్కసారి కాదు, ఇరవై ఏళ్లలో చాలాసార్లు. కొందరు సంతకం పెట్టారు, కొందరు పెట్టలేదు. ఆ తర్వాత ఎవరికేమైందో మనం తీరిగ్గా కూర్చుని చూడొచ్చు. మన లెటర్‌కి ఆ సౌకర్యం లేదు కదా, ఫలితం తెలిసేలోపే సంతకం పెట్టాలి.

టికెట్ ఒకరిది, విమానం ఇంకొకరిది

అమెరికాలో ఉన్న మీ బంధువులెవరైనా చిన్న ఊరి నుంచి పెద్ద ఎయిర్‌పోర్ట్‌కి వెళ్లినప్పటి బోర్డింగ్ పాస్ ఓసారి చూడండి. పైన అమెరికన్ ఈగల్ అనో, యునైటెడ్ ఎక్స్‌ప్రెస్ అనో, డెల్టా కనెక్షన్ అనో ఉంటుంది. కింద చిన్న అక్షరాల్లో, నడిపేది ఫలానా కంపెనీ అని ఇంకో పేరుంటుంది. ఎన్వాయ్, పీఎస్‌ఏ, రిపబ్లిక్, ఎండీవర్... ఇలాంటివన్నమాట. విమానం మీద రంగు పెద్ద కంపెనీది. కాక్‌పిట్‌లో కూర్చున్నవాళ్లకి జీతం ఇచ్చేది చిన్న కంపెనీ. వీటినే రీజనల్ ఎయిర్‌లైన్స్ అంటారు.

చాలావరకు ఇక్కడ టికెట్ అమ్మేది పెద్ద కంపెనీయే. టైమింగ్స్ పెట్టేదీ, ఇంధనం ఖర్చు భరించేదీ అదే. చిన్న కంపెనీకి విమానం ఎగిరినందుకు ముందే ఒప్పుకున్న రేటు ప్రకారం డబ్బిస్తుంది. సీట్లు నిండినా నిండకపోయినా అంతే. వినడానికి హాయిగా ఉంది కదా? కానీ ఆ కాంట్రాక్ట్ కొన్నేళ్లకే. గడువు అయిపోగానే ఇంకో రీజనల్ వచ్చి "మేం ఇంకా తక్కువకి నడుపుతాం" అంటుంది. విమానం ధర తగ్గించలేరు, ఇంధనం వాళ్ల చేతిలో లేదు. తగ్గించడానికి మిగిలింది మనుషుల ఖర్చే.

ఐటీ సర్వీసెస్‌లో, థర్డ్ పార్టీ పేరోల్‌లో పని చేసే అన్నలూ అక్కలూ మీ ఇంట్లో ఉంటే ఈ లెక్క వాళ్లని అడగండి. క్లయింట్, వెండర్, బిల్లింగ్ రేటు అంటూ వాళ్లే మీకు వివరిస్తారు.

ఇందులో ఇంకో మెలిక ఉంది. పైలట్ల జీతం సర్వీసు ఏళ్లని బట్టి ఏటా పెరుగుతుంది. కొత్త విమానాలు వస్తున్న కంపెనీలో కొత్తవాళ్లు ఎక్కువ చేరతారు, కాబట్టి సగటు జీతం తక్కువ. విమానాలు రాని కంపెనీలో పాతవాళ్లే మిగులుతారు, ఖర్చు పెరుగుతుంది, ఆ ఖర్చు చూసి కాంట్రాక్ట్ ఇంకొకరికి పోతుంది. అనుభవం బలం కావాల్సింది పోయి, కంపెనీ లెక్కలో బరువైపోతుంది.

పైలట్ ఆ కంపెనీ వదిలి ఇంకో దాంట్లో చేరితే సీనియారిటీ సున్నా నుంచి మళ్లీ మొదలు. పదేళ్లు కెప్టెన్‌గా చేసినా కొత్త కంపెనీలో లిస్టులో ఆఖరి పేరు మీదే. అందుకే "పోతే పోండి" అని యాజమాన్యం అనగలిగేది, "పోతాం" అని పైలట్ అనలేకపోయేవాడు.

గంటకి ఇరవై డాలర్లు

అమెరికా అనగానే పైలట్‌కి కోట్లు అనుకుంటాం. 2010 దశకం మొదట్లో రీజనల్స్‌లో కొత్తగా చేరిన ఫస్ట్ ఆఫీసర్‌కి గంటకి 20 నుంచి 25 డాలర్ల మధ్య ఇచ్చేవాళ్లు. ఆ గంట కూడా మనం అనుకునే గంట కాదు. విమానం గేటు దగ్గర కదిలిన దగ్గర్నుంచి మళ్లీ గేటు దగ్గర ఆగేదాకా ఉన్న టైమే లెక్క. ఎయిర్‌పోర్ట్‌లో ఎదురుచూసే గంటలకి ఆ రేటు పడదు. నెలకి 75 గంటలు గ్యారంటీ అనుకుందాం. గంటకి 22 డాలర్ల చొప్పున నెలకి 1,650, ఏడాదికి 19,800 డాలర్లు. శిక్షణ కోసం చేసిన అప్పు వాయిదాలు ఇందులోంచే కట్టాలి.

ఈ సంగతి అమెరికా జనానికి గట్టిగా తెలిసింది ఓ ప్రమాదం తర్వాత. 2009 ఫిబ్రవరి 12 రాత్రి, న్యూయార్క్ రాష్ట్రంలోని బఫెలో దగ్గర కోల్గాన్ ఎయిర్ విమానం 3407 కూలిపోయింది. విమానంలో ఉన్న 49 మంది, కింద ఇంట్లో ఉన్న ఒకరు చనిపోయారు. టికెట్లు కాంటినెంటల్ పేరు మీద అమ్మినవి, నడిపింది కోల్గాన్. విచారణలో ఫస్ట్ ఆఫీసర్ డ్యూటీ కోసం ముందు రోజు రాత్రి దేశం ఆ చివర సియాటెల్ వైపు నుంచి న్యూవార్క్‌కి విమానాల్లో ప్రయాణం చేసి వచ్చిన సంగతి బయటపడింది. ఆమె వయసు 24. ఆమె జీతం ఎంతన్న చర్చ కూడా అప్పుడే దేశమంతా జరిగింది.

ఇక్కడ ఒకటి స్పష్టంగా చెప్పాలి. తక్కువ జీతం వల్లే విమానం కూలిందని దర్యాప్తు సంస్థ తేల్చలేదు. వేగం తగ్గి హెచ్చరిక వచ్చినప్పుడు కెప్టెన్ స్పందించిన తీరు తప్పని తేల్చింది. కానీ అతి తక్కువకి కొట్టేసిన కాంట్రాక్ట్ వెనక మనుషులు ఎలా బతుకుతున్నారో, ఎక్కడ నిద్రపోతున్నారో అన్న ప్రశ్న ఆ రాత్రి నుంచి ఎవరూ దాచలేకపోయారు.

ఒకే లెటర్, రెండు జవాబులు

యాజమాన్యం అడిగే ఈ తగ్గింపులని అక్కడ కన్సెషన్ అంటారు. మనకి కన్సెషన్ అంటే స్టూడెంట్ బస్ పాస్ గుర్తొస్తుంది. బస్ పాస్‌లో తగ్గేది ఆర్టీసీ, లాభం మనకి. అక్కడ తగ్గేది ఉద్యోగి.

2011 నవంబర్‌లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ దివాలా రక్షణ కోరింది. 2013 డిసెంబర్‌లో యూఎస్ ఎయిర్‌వేస్‌తో కలిసిపోయింది. ఆ సందట్లో రీజనల్ పైలట్ల ముందుకి ఓ ప్రతిపాదన వచ్చింది. కొన్నేళ్లపాటు జీతాల స్కేలు పెరగకుండా ఒప్పుకోండి, బదులుగా కొత్త పెద్ద విమానాలు మీ కంపెనీకి ఇస్తాం, వాటితో మీరు త్వరగా కెప్టెన్లు అవుతారు, ఆ తర్వాత అమెరికన్‌లోకి వెళ్లే దారీ ఉంటుంది అని.

యూఎస్ ఎయిర్‌వేస్ వైపున్న పీఎస్‌ఏ పైలట్లు 2013లో సరేనన్నారు. సీఆర్‌జే 900 విమానాలు వాళ్లకే వచ్చాయి. అమెరికన్ వైపున్న ఎన్వాయ్ పైలట్ల దగ్గరికి ఇలాంటి ఒప్పందమే వెళ్లింది. పాత పేరు అమెరికన్ ఈగల్ అప్పుడే మారి ఎన్వాయ్ అయింది. 2014 మార్చిలో వాళ్లలో దాదాపు 70 శాతం వద్దని ఓటేశారు. "ఒప్పుకోకపోతే విమానాలు ఇంకొకరికి పోతాయి" అన్నారు. అన్నట్టే 20 ఎంబ్రేయర్ 175లు కంపాస్ అనే ఇంకో రీజనల్ చేతికి వెళ్లాయి.

ఇక్కడితో ఆపేస్తే నీతి ఈజీ. తగ్గినవాడికి విమానాలొచ్చాయి, మొండికేసినవాడికి పోయాయి అని. కానీ కథ ఇక్కడ ఆగలేదు.

ఎన్వాయ్‌కి 2015 చివర్లో ఎంబ్రేయర్ 175లు రానే వచ్చాయి. పీఎస్‌ఏ, ఎన్వాయ్ రెండూ ఇప్పటికీ ఎగురుతున్నాయి. మరి ఆ విమానాలు అందుకున్న కంపాస్? 2020 ఏప్రిల్‌లో, కరోనా దెబ్బ మొదట్లోనే మూతపడింది.

డెల్టా వైపు చూడండి. సిన్సినాటి కేంద్రంగా కామ్‌ఎయిర్ అనే కంపెనీ ఉండేది. 2001లో అక్కడి పైలట్లు 89 రోజులు సమ్మె చేసి మంచి జీతాలు సాధించుకున్నారు. 2005లో డెల్టాతో పాటు కామ్‌ఎయిర్ కూడా దివాలా కోర్టుకెళ్లింది. పైలట్లు కోతలకి ఒప్పుకున్నారు. అయినా 2012 సెప్టెంబర్‌లో డెల్టా దాన్ని పూర్తిగా మూసేసింది. సమ్మె చేసి సంపాదించుకున్నదీ పోయింది, తగ్గి కాపాడుకుందామనుకున్నదీ పోయింది.

బఫెలోలో కూలిన కోల్గాన్‌కి మాతృసంస్థ పినకిల్. అది 2012లో దివాలా కోర్టుకెళ్లింది. పైలట్ల జీతాలు తగ్గించుకుని, 2013లో డెల్టా చేతుల్లో ఎండీవర్ అన్న కొత్త పేరుతో బయటికొచ్చింది. కొద్దికాలంలోనే అదే కంపెనీ, పైలట్లు వెళ్లిపోకుండా రిటెన్షన్ బోనస్‌లు ఇవ్వాల్సి వచ్చింది. నిన్న "మీ జీతం ఎక్కువ" అన్న నోరే ఇవాళ "దయచేసి ఉండండి" అంది.

ఇవన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు అర్థమైంది ఒకటే. ఒప్పుకున్నారా లేదా అన్నది ఒక్కటే ఆ కంపెనీల భవిష్యత్తు తేల్చలేదు. విమానాలు ఎవరికివ్వాలో నిర్ణయించేది పైన ఉన్న పెద్ద కంపెనీ. మాటిచ్చింది ఒకరు, మాట నిలబెట్టగలిగేది ఇంకొకరు. జీతం తగ్గడం మాత్రం ఆ నెల నుంచే మొదలు.

మరి జీతాలు ఎలా పెరిగాయి?

పైలట్లు త్యాగం చేసినందుకు పెరగలేదు. పైలట్లు దొరక్క పెరిగాయి.

బఫెలో బాధితుల కుటుంబాలు ఊరుకోలేదు. వాళ్ల పట్టుదలతో 2010లో చట్టం వచ్చింది. దాని ప్రకారం 2013 నుంచి ఫస్ట్ ఆఫీసర్‌కి కూడా మామూలుగా 1,500 గంటల అనుభవం ఉండాలి. యూనివర్సిటీ ఏవియేషన్ కోర్సులవాళ్లకీ, మిలిటరీ నుంచి వచ్చినవాళ్లకీ కొంత సడలింపు. అంతకుముందు కమర్షియల్ లైసెన్స్‌కి కావల్సిన 250 గంటలతోనే రీజనల్‌లో చేరే వీలుండేది. ఇంకోపక్క, 2007 చివర్లో రిటైర్మెంట్ వయసు 60 నుంచి 65కి పెంచడంతో ఐదేళ్లు పెద్ద కంపెనీల్లో ఖాళీలు పెద్దగా రాలేదు. ఆ ఐదేళ్లు అయిపోయాక పెద్దవాళ్లు వరసగా దిగిపోవడం మొదలైంది. ఆ సీట్లలోకి రీజనల్స్ నుంచే పైలట్లు ఎక్కారు. కింద కొత్తవాళ్లు రావడం కష్టమైంది.

రిపబ్లిక్ పైలట్లు 2014లో ఓ ఒప్పందాన్ని తిప్పికొట్టారు. 2015లో కుదిరిన కొత్త ఒప్పందంలో మొదటి ఏడాది గంట రేటు 40 డాలర్లకి చేరింది. 2016 ఫిబ్రవరిలో రిపబ్లిక్ దివాలా రక్షణ కోరుతూ, పైలట్ల కొరతతో విమానాలు ఆపుకోవాల్సి వచ్చిందని చెప్పింది. కరోనా టైమ్‌లో పెద్ద కంపెనీలు సీనియర్లని ముందే రిటైర్ చేయించాయి. ప్రయాణికులు తిరిగొచ్చేసరికి కాక్‌పిట్లు ఖాళీ. 2022 జూన్‌లో అమెరికన్ సొంత రీజనల్స్‌లో కొత్త ఫస్ట్ ఆఫీసర్‌కి గంటకి 90 డాలర్లు ప్రకటించారు. అదే 75 గంటల లెక్కన ఏడాదికి 81,000 డాలర్లు. కొన్నేళ్ల కిందట ఇరవై వేలు దాటని ఉద్యోగమే ఇది. అదే కాక్‌పిట్, అదే పని.

అందులోనూ చిన్న అక్షరాలున్నాయి. ఆ 90 డాలర్లలో కొంత భాగం 2024 ఆగస్టు చివరిదాకా అని గడువు పెట్టిన తాత్కాలిక ప్రీమియం. పెంచేటప్పుడు కంపెనీ గడువు రాసుకుంది చూశారా? తగ్గించేటప్పుడు, తిరిగి ఎప్పుడు పెంచుతారో మనం కూడా అలా రాయించుకోవాలి. నేను చెప్పదలుచుకున్న అసలు మాట ఇదే.

మన దగ్గర సంగతి

రీజనల్ ఎయిర్‌లైన్ అంటే మనకీ కొత్త కాదు. హైదరాబాద్ కేంద్రంగా 2015లో మొదలైన ట్రూజెట్ ఏటీఆర్ విమానాలతో తిరుపతి, కడప లాంటి ఊళ్లకి తిరిగింది. 2022 ఫిబ్రవరిలో సర్వీసులు ఆగిపోయాయి. అది పెద్ద కంపెనీకి సబ్ కాంట్రాక్టర్ కాదు, టికెట్లు సొంతంగానే అమ్ముకుంది. కాబట్టి అమెరికా లెక్క ఇక్కడికి అలాగే అతకదు. అయితే పైలట్ అవుదామనుకునే మన పిల్లలు గుర్తుంచుకోవాల్సింది ఒకటుంది. 2017లో డీజీసీఏ తెచ్చిన నిబంధనలో నోటీస్ పీరియడ్ ఫస్ట్ ఆఫీసర్‌కి ఆరు నెలలు, కమాండర్‌కి ఏడాది. అక్కడ సీనియారిటీ కట్టేస్తే, ఇక్కడ నోటీస్ కట్టేస్తుంది. వదిలి వెళ్లడం ఎంత కష్టమో, బేరం ఆడటం అంత కష్టం. సాఫ్ట్‌వేర్‌లో మనకి ఆ పని బాండ్ చేస్తుంది.

అయితే అస్సలు తగ్గకూడదా?

నేనలా అనను. పీఎస్‌ఏలో అవునని ఓటేసిన పైలట్లని తప్పుపట్టే హక్కు నాకు లేదు. వాళ్లకి విమానాలు నిజంగానే వచ్చాయి. అక్కడ త్వరగా కెప్టెన్ సీటులో కూర్చున్న కుర్రాడికి ఆ గంటల అనుభవం పెద్ద కంపెనీలోకి టికెట్ లాంటిది. ఇంటి మీద అప్పున్నవాడికి, చెల్లి పెళ్లి దగ్గరపడినవాడికి "సూత్రం కోసం నిలబడు" అని చెప్పడం, ఏసీ గదిలో కూర్చున్న నాలాంటోడికి చాలా తేలిక. నేనూ నా మొదటి ఉద్యోగంలో చెప్పినదానికంటే తక్కువకే చేరాను. ఆరు నెలల్లో మంచి ప్రాజెక్ట్ అన్నారు. నాలుగో నెలలో క్లయింట్ వెళ్లిపోయాడు. మా మేనేజర్ అబద్ధం చెప్పలేదు. ఆ మాట నిలబెట్టే అధికారం ఆయన చేతిలో లేదు, అంతే. ఆ తేడా తెలుసుకోవడానికి నాకు రెండేళ్లు పట్టింది.

అందుకే తగ్గడం తప్పు కాదు, దేనికి తగ్గుతున్నామో తెలియకుండా తగ్గడం తప్పు అంటాను. సంతకానికి ముందు ఈ నాలుగూ అడగండి.

ఒకటి, ఇస్తామంటున్నది ఎవరి చేతిలో ఉంది? హెచ్‌ఆర్ చేతిలోనా, మేనేజర్ చేతిలోనా, క్లయింట్ చేతిలోనా? క్లయింట్ చేతిలో ఉన్నదాన్ని హెచ్‌ఆర్ ఇవ్వలేరు.

రెండు, అది లెటర్‌లో ఉందా? తగ్గించిన జీతం అంకెల్లో ఉండి, వచ్చే అవకాశం మాటల్లో ఉంటే ఆ బేరంలో ఒక వైపే ఉన్నట్టు.

మూడు, తిరిగి ఎప్పుడు పెరుగుతుంది? తేదీ ఉందా? ప్రాజెక్ట్ రాకపోతే పాత జీతం ఇస్తారా, కనీసం బాండ్ ఎత్తేస్తారా?

నాలుగు, వద్దనుకుంటే నాకేం పోతుంది? ఇంకో ఆఫర్ లేదా? కాళ్ల మీద నిలబడేలా ఇంకెన్ని నెలలు ప్రిపేర్ అవ్వగలను? ఈ ప్రశ్నకి జవాబు కంపెనీ ఇవ్వదు, ఇంట్లో కూర్చుని మీరే రాసుకోవాలి.

ఇంకో మాట. అడగడానికి భయపడకండి. మర్యాదగా రాసిన మెయిల్‌లో రెండు ప్రశ్నలు అడగడం ఎదురు తిరగడం కాదు. పైలట్లకి యూనియన్ ఉంది, ఓటు ఉంది. ఫ్రెషర్‌కి అవి లేవు. ఉన్నది ఆ మెయిల్ ఒక్కటే, దాన్నీ వాడకపోతే ఎలా?

మా జూనియర్ ఆదివారం మెయిల్ పెట్టాడు. ఏఐ ప్రాజెక్ట్ మాట లెటర్‌లో రాస్తారా, రాయలేకపోతే బాండ్ తగ్గిస్తారా అని అడిగాడు. సోమవారం మధ్యాహ్నం జవాబొచ్చింది. ప్రాజెక్ట్ కేటాయింపు క్లయింట్ అవసరాన్ని బట్టి ఉంటుంది, రాసివ్వలేం అన్నారు. బాండ్ మాత్రం రెండేళ్ల నుంచి ఏడాదికి తగ్గించారు. సాయంత్రం వాడు సంతకం పెట్టేశాడు. ఇంట్లో పరిస్థితి అలాంటిది. నాకు ఫోన్ చేసి చెప్పాడు. "ఏఐ ప్రాజెక్ట్ కోసం పెట్టలేదన్నా. మూడు లక్షల ఇరవై వేల కోసం, ఏడాది కోసం పెట్టాను. ఆ తర్వాత సంగతి ఇవాళ్టి నుంచే చూసుకుంటా."